విస్తరం – సంక్షేపం : రెండు అమెరికన్ రాక్ బృందాలు

ఉద్దేశం

ఒకే కళారూపంలో పరస్పరం భిన్నమైన రెండు మార్గాలు ఎలా ఏర్పడతాయో తెలుపుతూ, వాటిని ఏ ప్రమాణంతో పరిశీలించాలో విద్యార్థులకు వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

సంగీతం వినేవారి మధ్య తరచుగా ఒక వివాదం తలెత్తుతుంది. ఇద్దరు గాయకులలో ఎవరు గొప్ప? రెండు బృందాలలో ఏది ఉత్తమం? ఈ వాదం ఎంతసేపు సాగినా తేలదు. ఎవరి అభిరుచి వారికి ప్రమాణంగా తోచడమే అందుకు కారణం. తులనాత్మక పరిశీలన ఇటువంటి వాదానికి భిన్నమైనది. అది తీర్పు చెప్పడానికి తొందరపడదు. రెండు వస్తువులలోని సామ్యాలను, భేదాలను గుర్తిస్తుంది. ఆ భేదాలకు కారణాలను అన్వేషిస్తుంది. సాహిత్య విమర్శకు వర్తించే ఈ పద్ధతి సంగీతానికీ వర్తిస్తుంది. ఈ పాఠంలో అమెరికా దేశానికి చెందిన రెండు రాక్ బృందాలను ఆ పద్ధతిలో పరిశీలిద్దాం. వాటిలో మొదటిది గ్రేట్‌ఫుల్ డెడ్, రెండవది రామోన్స్.

రాక్ సంగీతం 1950వ దశకంలో అమెరికాలో రూపు దిద్దుకొన్నది. ఆఫ్రికన్ అమెరికన్ల బ్లూస్, రిథమ్ అండ్ బ్లూస్ సంగీతాలు, గ్రామీణ ప్రాంతాల కంట్రీ సంగీతం దీనికి మూలధాతువులు. విద్యుత్ గిటారు, బాస్ గిటారు, డ్రమ్ములు, గాత్రం దీనికి ప్రధానాంగాలు. మనం పరిశీలించబోయే రెండు బృందాల సాధన సంపత్తి దాదాపుగా ఇదే. కాని ఒకరి పాట ఇరవై నిమిషాలు దాటినా ముగియదు. మరొకరి పాట రెండు నిమిషాలకే ముగుస్తుంది. సాధనాలు ఒకటే అయినప్పుడు ఇంతటి అంతరం ఎందుకు వచ్చిందన్నదే మన ముందున్న ప్రశ్న.

గ్రేట్‌ఫుల్ డెడ్ : ఆవిర్భావం

గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 1965లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని పాలో ఆల్టో పట్టణంలో ఏర్పడింది. జెర్రీ గార్సియా, బాబ్ వీర్, రాన్ మెకర్నన్, ఫిల్ లెష్, బిల్ క్రూట్జ్‌మన్ దీని తొలినాటి సభ్యులు. 1967లో మిక్కీ హార్ట్ రెండవ డ్రమ్ము వాద్యకారుడుగా చేరాడు. రాబర్ట్ హంటర్ అనే కవి అనేక పాటలకు సాహిత్యం సమకూర్చాడు.

ఈ బృందం మొదటి పేరు వార్లాక్స్. ఆ పేరు మరొక బృందానికి ఉన్నదని తెలియడంతో కొత్త పేరు కోసం వెదుకుతూ గార్సియా ఒక నిఘంటువు తెరిచాడు. అందులో కనిపించిన పదబంధమే గ్రేట్‌ఫుల్ డెడ్. దీనికి ‘కృతజ్ఞత గల మృతుడు’ అని అర్థం. ఇది పలుదేశాల జానపద కథలలో కనిపించే ఒక కథాంశం. అప్పు తీర్చకుండా మరణించినందువల్ల ఒక అపరిచితుని శవానికి అంత్యక్రియలు జరగవు. దారిన పోయే ఒక బాటసారి తన ధనంతో ఆ ఋణం తీర్చి, సంస్కారం జరిపిస్తాడు. తరువాత ఆ మృతుని ఆత్మ బాటసారికి ఆపదలో తోడుగా నిలుస్తుంది. ఇంత ప్రాచీనమైన కథాంశం ఒక ఆధునిక సంగీత బృందానికి పేరు కావడం విశేషం.

బృంద సభ్యుల సంగీత నేపథ్యాలు వేరువేరు. గార్సియా జానపద సంగీతం నుండి, బాంజో వాద్యం నుండి వచ్చాడు. మెకర్నన్ బ్లూస్ గాయకుడు. లెష్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని, ఆధునిక స్వరరచనను అభ్యసించినవాడు. హార్ట్ మన దేశపు తబలా విద్వాంసుడు ఉస్తాద్ అల్లారఖా వద్ద లయ విన్యాసాలు నేర్చుకొన్నాడు. అల్లారఖా కుమారుడైన జాకీర్ హుస్సేన్‌తో కలిసి 1976లో దిగా అనే ఆల్బమ్ వెలువరించాడు. వీరిద్దరితో పాటు ఘట విద్వాంసుడు విక్కు వినాయకరామ్ పాల్గొన్న ప్లానెట్ డ్రమ్ ఆల్బమ్ 1991లో వెలువడి గ్రామీ పురస్కారం పొందింది. ఇన్ని ధారలు కలిసిన సంగీతం ఒకే మూసలో ఇమడకపోవడం సహజం.

విస్తర మార్గం

గ్రేట్‌ఫుల్ డెడ్ సంగీతానికి ప్రాణం మనోధర్మం. కర్ణాటక సంగీత విద్వాంసుడు కీర్తనను ఆధారంగా చేసుకొని ఆ సభలో, ఆ క్షణంలో స్వరకల్పన చేస్తాడు. ఈ బృందం కూడా పాటను ఒక ఆధారంగా మాత్రమే గ్రహించింది. పాడవలసిన చరణం పూర్తి కాగానే గిటారు, బాస్, డ్రమ్ములు ఒకదానినొకటి ఆలకిస్తూ, ముందుగా నిర్ణయించని దారిలో ప్రయాణం సాగించేవి. కొంతసేపటికి మళ్ళీ పాటను అందుకొనేవి. కొన్నిసార్లు మధ్యలో విరామం లేకుండా మరొక పాటలోనికి ప్రవేశించేవి. ఏ రాత్రి ఏ పాటలు పాడాలన్నది కూడా ముందుగా స్థిరపరచుకొనేవారు కాదు.

‘డార్క్ స్టార్’ అనే పాట దీనికి చక్కని ఉదాహరణ. 1968లో విడి రికార్డుగా వెలువడినప్పుడు ఆ పాట నిడివి మూడు నిమిషాలకు లోపే. 1969లో వచ్చిన ‘లైవ్/డెడ్’ అనే కచేరీ ఆల్బమ్‌లో అదే పాట 23 నిమిషాలకు పైగా సాగింది. పాట మారలేదు, దాని విస్తృతి మారింది. విత్తనం వంటి స్వరరచన వేదికపై వృక్షంగా పెరిగింది.

ఈ మార్గంలో ప్రమాదం కూడా ఉన్నది. ముందుగా నిర్ణయించుకోని సంగీతం ప్రతి రాత్రీ ఫలించదు. 1969 ఆగస్టులో జరిగిన సుప్రసిద్ధ వుడ్‌స్టాక్ ఉత్సవంలో తమ ప్రదర్శన విఫలమైందని బృంద సభ్యులే తరువాతి కాలంలో అంగీకరించారు. అయినా వారు తమ పద్ధతిని విడిచిపెట్టలేదు. నేడు విఫలమైనది రేపు సఫలం కావచ్చునన్న ఆశతోనే శ్రోతలు మళ్ళీ మళ్ళీ వచ్చేవారు.

రామోన్స్ : ఆవిర్భావం

రామోన్స్ బృందం 1974లో న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో ఏర్పడింది. రెండు బృందాల పుట్టుకకు నడుమ అంతరం తొమ్మిదేండ్లు మాత్రమే. రాక్ చరిత్రలో ఆ తొమ్మిదేండ్లు ఒక యుగాంతరంతో సమానం. 1960వ దశకం మధ్యభాగంలో శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల యువతరం కొత్త సమాజాన్ని కలగన్నది. వియత్నాం యుద్ధాన్ని నిరసించింది. 1970వ దశకం మధ్యభాగానికి ఆ కలలు వాడిపోయాయి. 1975లో న్యూయార్క్ నగరపాలన దివాలా అంచులకు చేరింది. రాక్ సంగీతం సైతం సంక్లిష్టమైన రచనలతో, సుదీర్ఘమైన గిటారు విన్యాసాలతో, విశాలమైన క్రీడాప్రాంగణాలలో జరిగే ఆడంబర ప్రదర్శనలతో సామాన్య యువకునికి అందనిదిగా మారింది.

ఈ పరిస్థితికి ప్రతిస్పందనగా వచ్చిన బృందం రామోన్స్. జోయి, జానీ, డీ డీ, టామీ అనే నలుగురు యువకులు ఇందులో సభ్యులు. వారు అన్నదమ్ములు కారు. నలుగురూ రామోన్ అనే ఇంటిపేరును రంగస్థల నామంగా ధరించారు. బీటిల్స్ బృందానికి చెందిన పాల్ మెకార్ట్నీ ఒకప్పుడు వాడిన మారుపేరు దీనికి ఆధారం. నలుపు తోలుకోటు, చిరిగిన జీన్స్ వారి వేషం. సీబీజీబీ అనే చిన్న సంగీతశాలలో 1974 ఆగస్టులో మొదలైన వారి ప్రదర్శనలు పంక్ రాక్ అనే నూతన శాఖకు పునాది వేశాయి.

సంక్షేప మార్గం

రామోన్స్ పాటలు చాలావరకు రెండు నిమిషాల నిడివి గలవి. మూడు నాలుగు స్వరసంపుటులు, అతివేగమైన లయ, సులభంగా పట్టుబడే పల్లవి వాటి లక్షణాలు. గిటారు వాద్యకారుడు తన నైపుణ్యాన్ని విడిగా ప్రదర్శించే ఘట్టం వాటిలో దాదాపుగా ఉండదు. ఒక పాట ముగియగానే డీ డీ ఒకటి నుండి నాలుగు వరకు అంకెలు బిగ్గరగా లెక్కించేవాడు. వెంటనే తరువాతి పాట మొదలయ్యేది. తొలినాటి వారి కచేరీలు ఇరవై నిమిషాల లోపే ముగిసేవి.

1976 ఏప్రిల్‌లో వెలువడిన వారి మొదటి ఆల్బమ్‌కు బృందం పేరే పెట్టారు. అందులో 14 పాటలున్నాయి. అన్నింటి నిడివి కలిపి సుమారు 29 నిమిషాలు. అంటే గ్రేట్‌ఫుల్ డెడ్ ఒక్క ‘డార్క్ స్టార్’ పాడే కాలంలో రామోన్స్ పదికి పైగా పాటలు ముగించగలరన్నమాట. ఆ ఆల్బమ్ ధ్వనిముద్రణకు అయిన వ్యయం సుమారు 6,400 డాలర్లు. ఒక్క ఆల్బమ్ కోసం మాసాల తరబడి శ్రమించే పెద్ద బృందాలున్న ఆ రోజులలో ఇది అత్యల్పం.

సంక్షిప్తత అంటే సులభమని భావించరాదు. జానీ గిటారు తీగలను ఎల్లప్పుడూ పైనుండి క్రిందికే మీటేవాడు. క్రిందికీ పైకీ మార్చి మీటితే చేతికి శ్రమ తగ్గుతుంది. క్రిందికే మీటినప్పుడు ప్రతి దెబ్బకూ సమానమైన బలం వస్తుంది. కాని అంతటి వేగంలో ఆ పద్ధతిని ప్రదర్శన ఆసాంతం నిలుపుకోవాలంటే కఠినమైన సాధన కావాలి. చూపరులకు సరళంగా తోచిన ఆ సంగీతం వెనుక ఉన్న క్రమశిక్షణ ఇది.

ఈ మార్గంలోనూ ప్రమాదం ఉన్నది. లక్షణం దృఢంగా ఉన్నచోట అది బంధనం కూడా కావచ్చు. విస్తృత ప్రజాదరణను ఆశించి రామోన్స్ 1980లో ఫిల్ స్పెక్టర్ అనే ప్రసిద్ధ నిర్మాతతో ‘ఎండ్ ఆఫ్ ది సెంచరీ’ అనే ఆల్బమ్ చేశారు. అది అమెరికా ఆల్బముల పట్టికలో 44వ స్థానానికి చేరింది. తమ స్వదేశంలో వారు అందుకొన్న అత్యున్నత స్థానం అదే.

రెండు మార్గాల పోలిక

మన సాహిత్యంలో ఈ రెండు మార్గాలూ పరిచితమైనవే. మార్కండేయ పురాణంలోని స్వారోచిష మనువు కథను అల్లసాని పెద్దన వర్ణనలతో విస్తరించి ఆరు ఆశ్వాసాల ప్రబంధంగా తీర్చాడు. వేమన ఒక జీవితసత్యాన్ని ఒక్క ఆటవెలదిలో ఇమిడ్చాడు. మనుచరిత్రను దీర్ఘమని గాని, వేమన పద్యాన్ని చిన్నదని గాని ఆక్షేపించడం తగదు. ప్రబంధానికి వర్ణన ప్రాణం, ముక్తకానికి బిగువు ప్రాణం. గ్రేట్‌ఫుల్ డెడ్‌ను నిడివి గురించి, రామోన్స్‌ను సరళత గురించి తప్పు పట్టిన విమర్శకులు నిజానికి ఆయా బృందాల గుణాలనే దోషాలుగా ఎంచారు.

శ్రోతలతో ఏర్పడిన సంబంధంలో కూడా ఈ భేదం కనిపిస్తుంది. గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీ ఏ రెండు రాత్రులూ ఒకే విధంగా ఉండదు. అందుచేత డెడ్‌హెడ్స్ అనే పేరు పొందిన అభిమానులు బృందం వెంట ఊరూరా తిరిగేవారు. కచేరీలను స్వయంగా ముద్రించుకొని, ఆ టేపులను ఒకరికొకరు ఉచితంగా ఇచ్చిపుచ్చుకొనేవారు. అమ్మకానికి వినియోగించనంతవరకు బృందం దీనికి అభ్యంతరం చెప్పలేదు. పైగా 1984లో ముద్రణ చేసుకొనేవారి కోసం ప్రేక్షకస్థలంలో ఒక ప్రత్యేక భాగాన్నే కేటాయించింది. ఉచితంగా చేతులు మారిన టేపులు కొత్త శ్రోతలను కచేరీలకు తీసుకువచ్చాయి. అమెరికా తొలి పది పాటల పట్టికలో చేరిన వారి పాట 1987లో వచ్చిన ‘టచ్ ఆఫ్ గ్రే’ ఒక్కటే. అయినా 1990వ దశకం ఆరంభంలో కచేరీల ద్వారా అత్యధిక రాబడి పొందిన బృందాలలో వారూ ఒకరు.

రామోన్స్ తమ శ్రోతలను మరొక విధంగా కదిలించారు. వారి పాటలు విన్న యువకునికి, ‘ఈ పని నేనూ చేయగలను’ అనిపించేది. 1976 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది దినాన, వారు లండన్‌లోని రౌండ్‌హౌస్‌లో ప్రదర్శన ఇచ్చారు. అప్పుడప్పుడే మొలకెత్తుతున్న బ్రిటిష్ పంక్ సంగీతానికి ఆ పర్యటన గొప్ప ఊపునిచ్చింది. తరువాతి తరంలో గ్రీన్ డే వంటి బృందాలు వారి బాటలో నడిచి లక్షలాది రికార్డులు అమ్ముకొన్నాయి. బాట వేసిన వారికి మాత్రం ఆ ఫలం దక్కలేదు. వారి మొదటి ఆల్బమ్ అమెరికాలో 5 లక్షల ప్రతుల అమ్మకానికి గుర్తింపుగా ఇచ్చే గోల్డ్ స్థాయిని 2014లో పొందింది. అది వెలువడిన 38 ఏండ్లకు ఆ గుర్తింపు వచ్చిందన్నమాట. అప్పటికి బృంద స్థాపకులలో టామీ ఒక్కడే జీవించి ఉన్నాడు. ఆ జూలైలో అతడూ కన్నుమూశాడు.

ఇంతటి భేదాల మధ్య ఒక సామ్యం ఆశ్చర్యం కలిగిస్తుంది. గ్రేట్‌ఫుల్ డెడ్ 1965 నుండి 1995 వరకు ముప్ఫై ఏండ్లలో సుమారు 2,300 కచేరీలు చేసింది. రామోన్స్ 1974 నుండి 1996 వరకు ఇరవై రెండేండ్లలో 2,263 కచేరీలు చేసింది. మార్గాలు వేరైనా రెండు బృందాలకూ వేదికయే జీవనాధారం. రికార్డుల అమ్మకం ఆదుకోనప్పుడు కూడా వారు ఊరి వెంట ఊరు తిరుగుతూ తమ సంగీతాన్ని నిలుపుకొన్నారు.

చెల్లించిన మూల్యం

ఈ సుదీర్ఘ ప్రయాణానికి రెండు బృందాలూ భారీ మూల్యం చెల్లించాయి. గ్రేట్‌ఫుల్ డెడ్ 1974లో దాదాపు 600 స్పీకర్లతో ‘వాల్ ఆఫ్ సౌండ్’ అనే బ్రహ్మాండమైన ధ్వనివ్యవస్థను నిర్మించుకొన్నది. ధ్వని స్వచ్ఛంగా వినిపించేది గాని, దానిని ఊరూరా తరలించే ఖర్చు మోయరానిదయింది. ఆ ఏడాది చివరనే బృందం పర్యటనలు నిలిపివేసి, 1976లో గాని తిరిగి ప్రారంభించలేకపోయింది.

అంతకంటె దారుణమైనది వ్యసనాల వల్ల కలిగిన నష్టం. మెకర్నన్ మద్యపానంతో ఆరోగ్యం చెడి 1973లో 27వ ఏట మరణించాడు. గార్సియా మాదకద్రవ్యాలకు లోబడి, వాటి నుండి బయటపడే ప్రయత్నంలో ఒక చికిత్సా కేంద్రంలో ఉండగానే 1995 ఆగస్టు 9న గుండెపోటుతో కన్నుమూశాడు. అప్పటికి అతని వయస్సు 53. అతనితో పాటే ఆ బృందం కథ ముగిసింది. రామోన్స్‌లో డీ డీ 2002లో మాదకద్రవ్యం మోతాదు మించి మరణించాడు. మత్తు కళాకారుని ప్రతిభను పెంచుతుందన్న భ్రమ ఆ కాలంలో బలంగా ఉండేది. ఈ మరణాలు ఆ భ్రమను ఖండిస్తున్నాయి.

రామోన్స్ అనుభవించిన మరొక బాధ మానసికమైనది. వ్యక్తిగత కారణాల వల్ల జోయి, జానీల మధ్య తీవ్రమైన వైరం ఏర్పడింది. వారు ఏండ్ల తరబడి ఒకరితో ఒకరు దాదాపు మాట్లాడుకోలేదు. అయినా ఒకే వాహనంలో ప్రయాణించి, ఒకే వేదికపై నిలిచి, ఒకే లయలో పాటలు వినిపించారు. జోయి 2001లోను, జానీ 2004లోను క్యాన్సర్‌తో మరణించారు. ఇద్దరి మధ్య సయోధ్య కుదరనే లేదు.

తగిన కొలమానం

రెండు బృందాలలో ఏది గొప్ప అన్న ప్రశ్నకు అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పరోక్షంగా ఒక సమాధానం చెప్పింది. ఆ గ్రంథాలయం చారిత్రక, సాంస్కృతిక ప్రాధాన్యం గల ధ్వనిముద్రణలను ఏటా ఎంపిక చేసి జాతీయ పట్టికలో చేర్చుతుంది. 2011 సంవత్సరపు ఎంపికలో గ్రేట్‌ఫుల్ డెడ్‌కు, 2012 సంవత్సరపు ఎంపికలో రామోన్స్‌కు స్థానం లభించింది.

ఆ ఎంపికలో గమనించదగిన విశేషమొకటున్నది. గ్రేట్‌ఫుల్ డెడ్ రచనలలో గ్రంథాలయం స్వీకరించినది స్టూడియోలో చేసిన ఆల్బమ్ కాదు. 1977 మే 8వ తేదీ రాత్రి కార్నెల్ విశ్వవిద్యాలయంలోని బార్టన్ హాలులో జరిగిన ఒక కచేరీ ధ్వనిముద్రణ. రామోన్స్ విషయంలో స్వీకరించినది 29 నిమిషాల ఆ తొలి ఆల్బమ్. మొదటివారిని ఒక రాత్రి సాగిన మనోధర్మంలోను, రెండవవారిని బిగువైన చిన్న పాటలలోను ఆ సంస్థ గుర్తించింది. అంటే ఒక్కొక్క బృందాన్ని దాని స్వీయ లక్షణంతోనే కొలిచింది.

విద్యార్థులు దీని నుండి గ్రహించవలసినది సంగీతానికి మాత్రమే పరిమితం కాదు. ఒక పద్యాన్ని, ఒక చిత్రాన్ని, ఒక నాటకాన్ని విమర్శించే ముందు అది ఏమి సాధించదలచిందో తెలుసుకోవాలి. దానిని ఎంతవరకు సాధించిందో ఆ తరువాత విచారించాలి. అట్లా విచారించిన పిదప మన అభిరుచి మనకు ఉండనే ఉంటుంది. కాని అప్పుడు మనం ఇష్టపడని దానిని కూడా అర్థం చేసుకోగలుగుతాం.

పదాలు – అర్థాలు

విస్తరం : విరివి, పెంచి చెప్పడం
సంక్షేపం : క్లుప్తత, కుదించి చెప్పడం
మూలధాతువు : మొదటి ఆధారమైన పదార్థం
మనోధర్మం : అప్పటికప్పుడు స్వతంత్రంగా కల్పించి పాడడం లేదా వాయించడం
ముక్తకం : మరొక పద్యంతో సంబంధం లేకుండా స్వయంగా అర్థం పూర్తయ్యే పద్యం
బిగువు : సడలని కూర్పు
ద్విశతాబ్ది : రెండు వందల ఏండ్లు నిండిన సందర్భం
సయోధ్య : పొత్తు, రాజీ
కొలమానం : కొలిచే సాధనం, ప్రమాణం

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. గ్రేట్‌ఫుల్ డెడ్, రామోన్స్ బృందాల సంగీత మార్గాలలోని సామ్యభేదాలను వివరించండి.
2. ‘ఏ కళనైనా దాని స్వీయ లక్షణంతోనే కొలవాలి’ – పాఠం ఆధారంగా సమర్థించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.

1. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే పేరు వెనుక ఉన్న జానపద కథాంశాన్ని తెలపండి.
2. రామోన్స్ ఆవిర్భావానికి దోహదం చేసిన పరిస్థితులేవి?
3. ఉచిత టేపుల వల్ల గ్రేట్‌ఫుల్ డెడ్‌కు కలిగిన మేలు ఏమిటి?

III. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.

1. మిక్కీ హార్ట్ ఏ తబలా విద్వాంసుని వద్ద లయ విన్యాసాలు నేర్చుకొన్నాడు?
2. రామోన్స్ మొదటి ఆల్బమ్‌లో ఎన్ని పాటలున్నాయి?
3. బార్టన్ హాలు కచేరీ ఎప్పుడు జరిగింది?